నాలుగు పచ్చ దీపాలు

క్యారవాన్ అనగానే మన తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది షూటింగ్ జరిగే చోట హీరోగారు సేదతీరే ఏసీ బస్సు, దాని పక్కనే గుయ్యిమంటూ పొగ వదిలే జనరేటర్ బండి. ఆస్ట్రేలియాలో ఆ మాటకు అర్థం వేరు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు అది. పడక, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. పిల్లలు స్థిరపడి, ఉద్యోగ బాధ్యతలు తీరిన దంపతులు నెలల తరబడి అందులోనే ఉంటూ దేశమంతా చుట్టి వస్తారు. డబ్బు కట్టి దిగే క్యారవాన్ పార్కుల్లో కరెంటు ప్లగ్గు ఉంటుంది. ఈ తిరుగుడు రుచి మరిగినవాళ్లు మాత్రం కరెంటు స్తంభం కనుచూపుమేరలో లేని చోటునే వెతుక్కుంటారు. అక్కడ రాత్రి దీపం వెలగాలన్నా, పాలు విరగకుండా ఉండాలన్నా బ్యాటరీయే దిక్కు.

అడిలైడ్ నుంచి ఉత్తరంగా వెళ్తే ఫ్లిండర్స్ రేంజెస్ అనే ఎర్రటి కొండల వరుస వస్తుంది. ఒక జులైలో మా అమ్మానాన్నలను తీసుకుని అక్కడికి వెళ్లాం. జులై అంటే ఈ దేశంలో నడి చలికాలం. బయలుదేరే ముందే పాత లెడ్ యాసిడ్ (సీసపు) బ్యాటరీ తీసేసి 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ బిగించాను. గోడమీది పాత సూచికను మాత్రం అలాగే ఉంచేశాను. దానికి నాలుగు చిన్న దీపాలు. నాలుగూ పచ్చగా వెలిగితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, ఒక్కటే ఎర్రగా మిగిలితే అడుగంటినట్టు. రెండు రోజులుగా మబ్బు వీడలేదు. రెండో రాత్రి పడుకోబోతూ చూస్తే నాలుగు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి చలికి మెలకువ వచ్చింది. హీటర్ ఆగిపోయింది. ఫ్రిజ్ చప్పుడు లేదు. స్విచ్చి వేస్తే దీపం వెలగలేదు.

“ఏమైందిరా?” చీకట్లోంచి నాన్న గొంతు.

“బ్యాటరీ అయిపోయినట్టుంది నాన్నా.”

“నిండుగా ఉందన్నావు కదా! మనింట్లో ఇన్వర్టర్ నయం, ఆగిపోయే ముందు కీచుకీచుమని అరిచి చెబుతుంది.”

నాన్న మాట అక్షరాలా నిజం. సీసపు బ్యాటరీ తన కష్టం దాచుకోదు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన నాటి నుంచి దాని తీరు ఒకటే. కరెంటు ఇచ్చేకొద్దీ లోపలి యాసిడ్ పలచబడుతుంది, దాంతోపాటు వోల్టేజీ దిగుతుంది. నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టులుండేది సగానికి వచ్చేసరికి 12.2 దగ్గరికి జారుతుంది. ఇన్వర్టర్ బాగుచేసే మనిషి గాజుగొట్టంతో యాసిడ్ పీల్చి, లోపల తేలే బుడ్డిని చూసి బ్యాటరీ పరిస్థితి చెప్పేస్తాడే, అతను చూసేది ఈ పలచదనాన్నే. నా గోడమీది సూచిక కూడా ఈ లెక్క మీదనే తయారైంది. 12.7 దాటితే నాలుగు పచ్చ దీపాలు.

క్యారవాన్లలో వాడే లిథియం బ్యాటరీ సాధారణంగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానిది. అందులో నాలుగు సెల్లులు వరుసగా ఉంటాయి. ఒక్కోదానికి 3.2 వోల్టుల చొప్పున మొత్తం 12.8. దాని వోల్టేజీ దిగేది చార్జి ఎక్కించిన వెంటనే కాస్త, పూర్తిగా అడుగంటే ముందు గభాలున. మధ్యలో, అంటే 90 శాతం నుంచి 20 శాతం దాకా, 13 వోల్టుల దగ్గర్లో దాదాపు కదలకుండా నిలబడుతుంది. 20 శాతం మాత్రమే మిగిలినప్పుడు కూడా అది నిండు సీసపు బ్యాటరీకంటే ఎక్కువ వోల్టేజీ చూపిస్తుంది. పాపం, సూచిక అబద్ధం చెప్పలేదు. దానికి వచ్చిన భాష వేరు, నేను బిగించిన బ్యాటరీ మాట్లాడే భాష వేరు.

ఇలా నిలకడగా ఉండటానికి కారణం వంటింట్లోనే చూడవచ్చు. గిన్నెలో ఐసుముక్కలు, నీళ్లు కలిపి థర్మామీటర్ ముంచండి. ఐసు సగం కరిగినా, ముప్పావు కరిగినా కలియబెడుతున్నంతసేపూ అది సున్నా డిగ్రీలే చూపిస్తుంది. ఆఖరి ముక్క కరిగాకే వేడి పెరగడం మొదలవుతుంది. ఇంకా ఎంత ఐసు మిగిలిందో థర్మామీటర్‌ను చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ బ్యాటరీ ధన ధ్రువంలోనూ ఇలాగే రెండు పదార్థాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి లిథియం నిండిన ఐరన్ ఫాస్ఫేట్, రెండోది లిథియం ఖాళీ అయిన ఐరన్ ఫాస్ఫేట్. మనం కరెంటు వాడుతున్నంతసేపూ ఖాళీది నిండినదిగా మారుతూ ఉంటుంది. వాటి పాళ్లు మారతాయి, వోల్టేజీ మారదు. ఖాళీది అయిపోవచ్చినప్పుడు ఒక్కసారిగా జారుతుంది. అప్పుడు లోపలున్న బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్, సెల్లు చెడిపోకముందే తీగ తెంచినట్టు సరఫరా ఆపేస్తుంది. మా చీకటికి అదీ కారణం.

ఈ పదార్థాన్ని బ్యాటరీకి వాడవచ్చని 1997లో లోకానికి చెప్పిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లున్నాయి: పాఢి, నంజుండస్వామి, గుడ్‌ఎనఫ్. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేసిన పని అది. మూడో ఆయన, జాన్ గుడ్‌ఎనఫ్, 2019లో 97 ఏళ్ల వయసులో రసాయన శాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో పంచుకున్నారు.

మరి ఎంత మిగిలిందో తెలిసేదెలా? కిరాణా కొట్టు గుమాస్తాలా పద్దు రాయాలి. ఎన్ని ఆంపియర్లు ఎంతసేపు లోపలికి వచ్చాయి, ఎన్ని ఎంతసేపు బయటికి పోయాయి అని. ఆ పని చేసేది షంట్. చూడటానికి అరచేతిలో పట్టేంత లోహపు ముక్క, బ్యాటరీ నెగెటివ్ తీగలో మధ్యన కూర్చుంటుంది. నాది 500 ఆంపియర్లు పారితే దాని రెండు చివరల మధ్య 50 మిల్లీవోల్టుల తేడా వచ్చే రకం. అంటే 10 ఆంపియర్లకు ఒక్క మిల్లీవోల్టు. ఆ అణువంత తేడాను కొలిచి, నిమిషం నిమిషం కూడి, ‘ఇంకా 63 శాతం’ అని తెర మీద చూపిస్తుంది. గుమాస్తా కూడా చిన్నచిన్న పొరపాట్లు చేస్తాడు, రోజులు గడిచేకొద్దీ అవి పేరుకుంటాయి. అందుకని అప్పుడప్పుడు బ్యాటరీని పూర్తిగా నింపి పద్దును వందకు సరిచేయాలి. ఆ ప్రయాణం నుంచి తిరిగి రాగానే నేను చేసిన మొదటి పని షంట్ కొని బిగించడం. దాని ధర బ్యాటరీ ధరలో పిసరంత.

ఆ తెల్లవారుజాము కథ ఇంకా అయిపోలేదు. మబ్బు విడిపోయింది, ఏడున్నరకల్లా ఎండ వచ్చింది. గడ్డి మీద తెల్లగా మంచు పొర. హమ్మయ్య అనుకుని చూస్తే సోలార్ ప్యానెల్ మీద వెలుగు పడుతోంది కానీ, చార్జి ఒక్క చుక్క ఎక్కడం లేదు. క్యారవాన్ ముందు పెట్టెలో రాత్రంతా చలికి నానిన బ్యాటరీ నోరు తెరవనంటోంది. దానికీ కారణముంది. చార్జి ఎక్కేటప్పుడు లిథియం అయాన్లు అవతలి ధ్రువంలోని గ్రాఫైట్ పొరల మధ్యకు దూరాలి. గడ్డకట్టే చలిలో ఆ దూరడం మందగిస్తుంది. వెనక నుంచి తోసుకొచ్చే అయాన్లు లోపల చోటు దొరక్క గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లిథియంలో కొంత మళ్లీ పనికిరాదు. మరీ పెరిగితే ముళ్లలా మొలిచి లోపలి పొరను చీల్చే ప్రమాదముంది. అందుకే సున్నా డిగ్రీలకు దిగువన చార్జి ఎక్కించకూడదు. నా బ్యాటరీలోని బీఎంఎస్ ముందుజాగ్రత్తగా 5 డిగ్రీల దగ్గరే తలుపు మూసేస్తుంది. చలిలో కరెంటు ఇవ్వడానికి మాత్రం ఈ ఇబ్బంది అంతగా లేదు, తీసుకోవడానికే పేచీ. రెండు సీసాల్లో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, బ్యాటరీకి అటూ ఇటూ ఆనించాను. గ్యాసు పొయ్యి ఉండబట్టి సరిపోయింది. పది దాటాక చార్జి ఎక్కడం మొదలైంది.

టీ తాగుతూ నాన్న అడిగారు, “అసలు ఇందులో ఎన్ని యూనిట్లు పడతాయి?” అడగవలసిన ప్రశ్న అదే. 100 ఏహెచ్‌ను 12.8 వోల్టులతో గుణిస్తే 1280 వాట్ అవర్లు, అంటే యూనిటుంబావు. విజయవాడలో వేసవి రాత్రి ఏసీ వేసుకున్న గది గంటన్నరలో తాగేసేటంత. ఇదే పరిమాణపు సీసపు బ్యాటరీలో సగం దాటి వాడితే దాని ఆయుష్షు కరిగిపోతుంది కాబట్టి చేతికందేది 0.6 యూనిట్లే. పైగా గబగబా లాగితే అదీ దక్కదు. వేగంగా తీసేకొద్దీ సీసపు బ్యాటరీ తక్కువిస్తుందని 1897లోనే పాయ్‌కర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్క కట్టాడు. లిథియంలో ఆ నష్టం నామమాత్రం.

యూనిటుంబావుతో సంసారం ఎలా నడుస్తుందో చూడండి. లీటరు నీళ్లను 20 డిగ్రీల నుంచి మరిగించడానికి కావలసిన శక్తి 93 వాట్ అవర్లు. ఇన్వర్టర్ నష్టం, కెటిల్ నష్టం కలిపితే 110 దాటుతుంది. నలుగురికి మూడు పూటలా టీ కాచి, స్నానానికి బకెట్టు నీళ్లు వేడిచేస్తే బ్యాటరీ గోవిందా. దీపాలు, ఫోన్లు, నీళ్ల పంపు మాత్రం లెక్కలోకి రానంత తక్కువ తింటాయి. ఫ్రిజ్ రోజంతా ఆగుతూ సాగుతూ 30, 40 ఏహెచ్ తీసుకుంటుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. వేడి పుట్టించే ఏ వస్తువైనా సరే బ్యాటరీకి శత్రువు. వంట గ్యాసు మీద చేసుకోవడమే తెలివైన పని. కొందరు ఇండక్షన్ పొయ్యి బిగించుకుని గొప్పలు పోతుంటారు, నాకు మాత్రం ఆ మోజు అర్థం కాదు.

మోజు పక్కన పెట్టినా, అందులో అసలు ప్రమాదం తీగల దగ్గర ఉంది. 2000 వాట్ల పొయ్యికి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 170 ఆంపియర్ల దాకా పారాలి. మన ఇళ్లలో మెయిన్ స్విచ్చి దగ్గర కూడా అంత పారదు. బ్యాటరీ మీద నట్టు సరిగ్గా బిగించక అక్కడ ఒక్క మిల్లీ ఓమ్ నిరోధం మిగిలిపోయిందనుకుందాం. ఆంపియర్ల వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 29 వాట్లు. రేడియో బాగుచేసేవాడి సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే అంతకంటే ఎక్కువ వేడి పుట్టించేది ఒకటి, చెక్క పెట్టెలో, ప్లాస్టిక్ తొడుగు పక్కన, పొయ్యి వెలుగుతున్నంతసేపూ కాలుతూ ఉంటుంది. లిథియం అంటే నిప్పు అని భయపడేవాళ్లు ముందు నట్లు బిగించుకోవడం మంచిది.

భయంలో అసలు నిజమే లేదని కాదు. ఫోన్లలో ఉండే కోబాల్ట్ రకం లిథియం బ్యాటరీ బాగా వేడెక్కితే తన ఆక్సిజన్‌ను తానే వదిలి మంటకు సాయం చేస్తుంది. ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్‌ను భాస్వరం గట్టిగా పట్టుకుని ఉంటుంది, తేలిగ్గా వదలదు. అయినా లోపలి ద్రవం మండే గుణమున్నదే. సెల్లు చెడితే విషవాయువులు వస్తాయి. అందుకే 2022లో వచ్చిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఉమ్మడి ప్రమాణం లిథియం బ్యాటరీని మనుషులు ఉండే చోటికి వేరుగా పెట్టాలంటుంది. లోపలే పెడితే గాలి బయటికి మాత్రమే పోయే మూసిన పెట్టెలో ఉండాలి. నాది ముందు పెట్టెలో ఉన్నది అందుకే. భద్రత కోసం బయట పెట్టాను, బయట చలి పట్టింది!

ఇక నింపుకోవడం. కప్పు మీద 200 వాట్ల ప్యానెల్ వేసవిలో మంచి రోజున 700 వాట్ అవర్ల పైన ఇస్తుంది, చలికాలంలో అందులో సగం వస్తే అదృష్టం. ఎండలో బండి నిలిపితే మనం ఉడికిపోతాం, నీడలో నిలిపితే ప్యానెల్ పస్తుంటుంది. అందుకని మడిచే ప్యానెల్‌ను పొడవాటి తీగతో ఎండలో పరిచి, బండిని నీడలో ఉంచుతారు. నీడ అన్నాను కదా అని ఇక్కడి రెడ్ గమ్ అనే యూకలిప్టస్ చెట్ల కింద మాత్రం నిలపకండి. గాలి లేని రోజున కూడా ఆ చెట్లు చెప్పాపెట్టకుండా పెద్ద కొమ్మలు విరిచి పడేస్తాయి.

రెండో దారి కారు ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే యంత్రం. దీన్ని నేరుగా లిథియం బ్యాటరీకి కలిపితే ముప్పు. సీసపు బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది, లిథియం మాత్రం చివరిదాకా ఎంతిస్తే అంత మింగుతుంది. ఆ ఆకలికి ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో 40 ఆంపియర్ల డీసీ చార్జర్ ఒకటి పెడితే అది అంతకు మించి పోనివ్వదు. రెండున్నర గంటలు బండి నడిపితే ఖాళీ బ్యాటరీ నిండుతుంది. ఆ రెండు మబ్బు రోజుల్లో మేము కారు కదిలించి ఉంటే నాలుగింటికి లేచే పనే ఉండేది కాదు.

ఇంటి ఇన్వర్టర్ అలవాటు ఒకటి ఇక్కడ మానుకోవాలి. సీసపు బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచకపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి చెడిపోతుంది. లిథియంను నెలల తరబడి వాడకుండా ఉంచేటప్పుడు సగం చార్జితో ఉంచడమే మేలు. నాన్నకు ఈ ఒక్క మాటే మింగుడుపడలేదు. “నిండు కుండ పెట్టుకోవాలి కానీ వెలితి కుండ ఏమిటి?” అంటారు.

సెప్టెంబరులో మళ్లీ బయలుదేరాం, ఈసారి మర్రే నది ఒడ్డుకు. బరువు లెక్క వేసుకుంటే, ఇదే పని చేయడానికి రెండు సీసపు బ్యాటరీలు, దాదాపు 60 కిలోలు కావాలి. లిథియం 12 కిలోలు. మిగిలిన బరువుతో నీళ్ల క్యాన్లు రెండు అదనంగా పెట్టుకున్నాం. ఉన్న రెండు ట్యాంకులు కలిపి 180 లీటర్లు. మూడు రోజులూ ఎండ కాసింది, ఫ్రిజ్ ఆగలేదు, రాత్రి దీపాలు ఆర్పమని ఎవరినీ కసరవలసిన అవసరం రాలేదు. మూడో సాయంత్రం అమ్మ కందిపప్పు కడుగుతుంటే పంపు గుర్రుమంది, కుళాయి రెండుసార్లు దగ్గి గాలి వదిలింది. క్యాన్లు అప్పటికే అయిపోయాయి. గోడమీద గుమాస్తా 71 శాతం చూపిస్తున్నాడు. ఎదురుగా నది నిండుగా పారుతోంది, తాగే నీళ్ల కుళాయి ఉన్న ఊరు 20 కిలోమీటర్ల అవతల ఉంది. నాన్న ఖాళీ క్యాన్లు రెండు చేతుల్లో పట్టుకుని వెళ్లి కారు దగ్గర నిలబడ్డారు.