పైపుల్లో హెడ్ లాస్: అపోహలు - వాస్తవాలు

నీటి ప్రెషర్ ఎన్ని మీటర్ల ఎత్తు నీటికి సమానమో చెప్పే కొలత హెడ్. నీరు పైపులో పారేటప్పుడు అందులో పోయే భాగం హెడ్ లాస్. పైపులైన్లు డిజైన్ చేసే పనిలో దీని గురించి నాకు తరచూ ఎదురయ్యే అపోహలివి. మొదటిదే అన్నిటికన్నా ఖరీదైనది.

అపోహ: పైపు సైజు ఒక మెట్టు తగ్గిస్తే పెద్ద తేడా ఉండదు.

చాలా ఉంటుంది. డార్సీ-వైస్‌బాక్ సూత్రం ప్రకారం ఘర్షణ వల్ల పోయే హెడ్ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అవే నీళ్లు సన్నటి పైపులో పోవాలంటే వేగం పెరగక తప్పదు. పెరిగిన వేగం, తగ్గిన వ్యాసం రెండూ కలిపి చూస్తే, వ్యాసం సగమైతే నష్టం దాదాపు 32 రెట్లవుతుంది. సెకనుకు 2 లీటర్ల నీరు, 100 మీటర్ల పైపు, ఘర్షణ గుణకం 0.02 అనుకుని లెక్క వేయండి. లోపలి వ్యాసం 50 మి.మీ. అయితే సుమారు 2.1 మీటర్ల హెడ్ పోతుంది. 40 మి.మీ. అయితే 6.5 మీటర్లు. 25 మి.మీ.కి దిగితే దాదాపు 68 మీటర్లు! పైపు కొన్న రోజు మిగిలిన డబ్బు, పంపు నడిచినన్నాళ్లూ కరెంటు బిల్లులో పోతుంది. పెద్ద పంపు పెట్టి సరిచేద్దామంటారు కొందరు. అదే పైపులో రెట్టింపు నీళ్లు తోయాలంటే, ఘర్షణను దాటడానికే సుమారు ఎనిమిది రెట్లు పవర్ కావాలి.

అపోహ: చివర గేజ్ ఫుల్ ప్రెషర్ చూపిస్తోంది, కాబట్టి లైన్‌లో నష్టం లేదు.

వాల్వు మూసి ఉన్నప్పుడు చూశారా, తెరిచి చూశారా? నీరు కదలనప్పుడు ఘర్షణ నష్టమే లేదు, గేజ్ ఫుల్‌గా చూపించడంలో వింత లేదు. వాల్వు తెరిచి, మనకు కావలసినంత నీరు పారుతుండగా ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడండి. టెస్టింగ్ రిపోర్టుల్లో ఈ రీడింగ్ లేకపోతే నేను ఒప్పుకోను.

అపోహ: ఘర్షణ వల్ల నీరు పోనుపోను నెమ్మదిస్తుంది.

వ్యాసం మారకుండా, పైపు నిండుగా పారుతుంటే వేగం మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే. తగ్గేది ప్రెషర్.

అపోహ: పైపు లోపల నున్నగా ఉంటే ఘర్షణ ఉండదు.

గోడను తాకిన నీరు గోడకే అంటి ఉంటుంది, పక్క పొరలు దాని మీదుగా జారుతాయి. నష్టానికి మూలం ద్రవానికున్న స్నిగ్ధత, అంటే చిక్కదనం. చిక్కటి నూనె నెమ్మదిగా, పొరలు పొరలుగా పారేటప్పుడు గోడ గరుకుదనం లెక్కలోకే రాదు. మామూలు నీటి లైన్లలో ప్రవాహం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి గరుకు లెక్కలోకి వస్తుంది. పాత ఇనుప పైపులో పొర కట్టిందంటే దెబ్బ రెండు రకాలు. 100 మి.మీ. పైపులో చుట్టూ 5 మి.మీ. పేరుకుంటే దారి 90 మి.మీ. అవుతుంది. గరుకు సంగతి పక్కన పెట్టినా, అంతకే నష్టం 70 శాతం దాకా పెరుగుతుంది.

అపోహ: బెండ్లు, వాల్వుల నష్టాలు మైనర్ లాసెస్ (చిన్న నష్టాలు) కాబట్టి వదిలేయొచ్చు.

కిలోమీటర్ల లైన్‌లో వదిలేస్తే వదిలేయండి. పంపు రూములో మాత్రం వద్దు. నీరు లోపల మలుపులు తిరిగి పోయే గ్లోబ్ వాల్వు పూర్తిగా తెరిచినా, అదొక్కటే వ్యాసానికి సుమారు 300 రెట్లు పొడవున్న తిన్నని పైపుతో సమానం. అంటే 100 మి.మీ. సైజులో దాదాపు 30 మీటర్ల పైపు. ప్రవాహాన్ని కంట్రోల్ చేసే అవసరం లేని చోట, తెరిస్తే నీరు తిన్నగా పోయే గేట్ వాల్వు పెడితే ఆ నష్టంలో ఎక్కువ భాగం తప్పుతుంది.