కార్డైతే రెండు శాతం ఎక్స్‌ట్రా: గల్లాపెట్టె దగ్గర తేలని లెక్క

మొబైల్ షాపులోనో, బంగారం కొట్లోనో, శానిటరీ సామాన్ల దుకాణంలోనో బిల్లు తేలాక కార్డు బయటికి తీస్తే వినిపించే మాట ఒకటుంది: "కార్డైతే రెండు శాతం ఎక్స్‌ట్రా అండీ." అదే క్యాష్ ఇస్తామంటే చివరి యాభై రూపాయలు వదిలేస్తారు. ఫోన్‌పే అంటే మాట్లాడకుండా స్టిక్కర్ వైపు చెయ్యి చూపిస్తారు. షాపు ఒకటే, వస్తువు ఒకటే, మర్యాదలు మాత్రం మూడు రకాలు. షాపువాళ్ల పిసినారితనం అని తీసిపారేయడం తేలిక. కానీ దీని వెనక నలభై ఏళ్లుగా తేలని లెక్క ఒకటుంది. డబ్బు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి చేరడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

మన దేశంలోకి కార్డు 1961లోనే వచ్చింది. డైనర్స్ క్లబ్ కార్డు పెద్ద హోటళ్లకు, పెద్ద మనుషులకు పరిమితమైన వస్తువు. బ్యాంకుల కార్డులు 1980 ప్రాంతంలో మొదలయ్యాయి. ముందు సెంట్రల్ బ్యాంకు, దాని వెనకే ఆంధ్రా బ్యాంకు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన బ్యాంకు, కార్డుల విషయంలో దేశంలోని చాలా పెద్ద బ్యాంకుల కంటే ముందుండటం మనవాళ్లు పెద్దగా చెప్పుకోని సంగతి. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

అప్పట్లో కార్డు గీకడానికి కరెంటు అక్కర్లేదు. ఇనుప పళ్లెం లాంటి పరికరంలో కార్డు పెట్టి, పైన కార్బన్ పేపరున్న చీటీ పెట్టి, పిడిని అటూ ఇటూ లాగితే ఉబ్బెత్తు అంకెలు చీటీ మీద పడేవి. కొనేవాళ్లు సంతకం పెట్టాలి. పోయిన కార్డులు, ఎగవేసిన కార్డుల నంబర్లతో బ్యాంకు పంపిన జాబితా షాపులో ఉండేది. అందులో వెతికి చూసుకోవాలి. ఒక మొత్తం దాటిన బిల్లయితే బ్యాంకుకు ఫోన్ చేసి అడగాలి. ఆ చీటీలన్నీ పోగేసి బ్యాంకుకు ఇస్తే, కొన్నాళ్లకు డబ్బు పడేది, అదీ కమీషన్ పోను. ఇంత తతంగం చీరల షోరూముకో, స్టార్ హోటల్‌కో చెల్లింది కానీ కిరాణా కొట్టు దాకా ఎందుకొస్తుంది?

ఆ కమీషనే అసలు కథ. బ్యాంకు భాషలో దాన్ని ఎండీఆర్ అంటారు. వంద రూపాయల బిల్లుకు కార్డు వాడితే షాపువాళ్ల ఖాతాలో వంద పడదు. క్రెడిట్ కార్డయితే సుమారు రెండు రూపాయలు కోసుకుని మిగతాది వేస్తారు. ఆ రెండు రూపాయలను కార్డిచ్చిన బ్యాంకు, మెషీన్ ఇచ్చిన బ్యాంకు, మధ్యలో వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ పంచుకుంటాయి. కార్డిచ్చిన బ్యాంకుకే ఎక్కువ వాటా. మనకొచ్చే రివార్డు పాయింట్లు, క్యాష్‌బ్యాక్‌లు చాలావరకు ఈ డబ్బులోంచి పుట్టేవే. అంటే కొనేవాళ్లకు బహుమతి, అమ్మేవాళ్ల జేబులోంచి.

పట్టుచీర మీద ఈ కోత కనపడదు. నూనె ప్యాకెట్టు మీద, పంచదార మీద మిగిలేదే అంతంత మాత్రం. పైగా కిరాణా కొట్టుకు కార్డు చేసిపెట్టే మేలు కూడా తక్కువ. కార్డు గొప్పదనం అప్పు. ఆ అప్పు కొట్టు యజమాని ఎప్పట్నుంచో తానే ఇస్తున్నాడు. "అరువు రేపు" అన్న బోర్డు కింద కూర్చునే, వీధిలో సగం ఇళ్ల పద్దులు నోటు పుస్తకంలో రాసుకుంటాడు. ఒకటో తారీఖున జీతం రాగానే లెక్క చూసుకుంటారు. ఆ పుస్తకమే అతని గిరాకీని కట్టిపడేసేది. ఇక కూరగాయలమ్మే మనిషికి పొద్దున్నే మార్కెట్లో ఏజెంటుకు ఇవ్వాల్సింది నోట్లు. రేపో ఎల్లుండో ఖాతాలో పడే డబ్బు తెల్లవారుజామున టమాటా బుట్ట ఎత్తడానికి పనికిరాదు.

ఈలోగా ఏటీఎంలు వచ్చాయి. దేశంలో మొదటిది 1987లో ముంబైలో హెచ్‌ఎస్‌బీసీ పెట్టింది. ఏ బ్యాంకు కార్డుతోనైనా ఏ ఏటీఎంలోనైనా డబ్బు తీసుకునే వీలు పెద్ద ఎత్తున రావడానికి మాత్రం హైదరాబాద్ కారణం. రిజర్వ్ బ్యాంకు 1996లో ఇక్కడ పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, 2004లో బ్యాంకుల ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను నడపడం మొదలుపెట్టింది. 2009 చివర్లో దాన్ని చెల్లింపుల వ్యవస్థలు నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి అప్పగించారు. రూపే కార్డు, యూపీఐ తెచ్చింది ఈ ఎన్‌పీసీఐయే.

తమాషా ఏమిటంటే, ఈ ఏర్పాటంతా నగదును తగ్గించలేదు, చేతికి దగ్గర చేసింది. జనం దాన్ని డెబిట్ కార్డు అని కూడా అనలేదు, ఏటీఎం కార్డు అన్నారు. జీతం పడగానే వెళ్లి నోట్లు తీసుకోవడమే దాని పని. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు మొదలయ్యాక రూపే కార్డులు పల్లెల్లోకీ వెళ్లాయి. 2016 నాటికి దేశంలో 70 కోట్లకు పైగా డెబిట్ కార్డులుంటే, షాపుల్లో స్వైపింగ్ మెషీన్లు 15 లక్షలు. కార్డు ప్రతి ఇంట్లో ఉంది, గీకే చోటు ఊళ్లో లేదు.

రిజర్వ్ బ్యాంకు చూస్తూ ఊరుకోలేదు. 2012లో డెబిట్ కార్డు కమీషన్‌కు గరిష్ఠ పరిమితి పెట్టింది: 2,000 రూపాయల లోపు బిల్లుకు 0.75 శాతం, ఆపైన ఒక శాతం. ఆ మరుసటేడు, డెబిట్ కార్డు వాడినందుకు షాపువాళ్లు కొనేవాళ్ల దగ్గర అదనంగా తీసుకోకూడదని బ్యాంకులకు చెప్పింది. డెబిట్ కార్డు గీకినప్పుడు పిన్ కొట్టడం తప్పనిసరైందీ 2013 డిసెంబర్ నుంచే. (దాంతో హోటల్లో సర్వర్‌కు, బంకులో కుర్రాడికి పిన్ నంబర్ పైకే చెప్పేసే కొత్త అలవాటు పుట్టింది. భద్రత కోసం తెచ్చిన రూలు అది.) క్రెడిట్ కార్డు కమీషన్‌కు మాత్రం పరిమితి పెట్టలేదు. రెండు శాతం మాట ఇంకా బతికుండటానికి కారణం అదే.

ఆ తర్వాత 2016 నవంబర్ 8 రాత్రి. చలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం, అంటే 500, 1000 నోట్లు, తెల్లారేసరికి చెల్లకుండా పోయాయి. కొత్త నోట్ల సైజు వేరు కావడంతో ఏటీఎంలలో ట్రేలు మార్చాల్సి వచ్చింది. క్యూలో సగం పూట నిలబడి తెచ్చుకున్న 2000 నోటుకు చిల్లర దొరకదు. నల్లధనం పని పట్టడానికని మొదలైన కార్యక్రమం, కొద్ది వారాల్లోనే నగదు రహితం అనే మాట ఎత్తుకుంది. రద్దయిన నోట్లలో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగొచ్చేశాయని రిజర్వ్ బ్యాంకు లెక్క తేల్చింది 2018లో. అప్పటికి ఆ సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ ఊపులో ముందు వరసలో ఉన్నాయి. డిజిటల్ చెల్లింపులపై కేంద్రం వేసిన ముఖ్యమంత్రుల కమిటీకి చంద్రబాబు నాయుడు సారథి. చిన్న వ్యాపారులు స్మార్ట్‌ఫోన్ కొనుక్కోవడానికి వెయ్యి రూపాయల సాయం, బ్యాంకులో 50 వేలు దాటిన నగదు లావాదేవీకి పన్ను లాంటి సిఫార్సులు 2017 జనవరిలో ఆ కమిటీ చేసింది. సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్‌ను తెలంగాణలో తొలి నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. కూకట్‌పల్లి రైతు బజార్లో కార్డు గీకి టోకెన్లు తీసుకుని, ఆ టోకెన్లతో కూరగాయలు కొనే పద్ధతి పెట్టారు. కూరగాయలమ్మే మనిషి చేతికి మళ్లీ కాగితమే వచ్చింది కదా అని ఇప్పుడు నవ్వుకోవచ్చు. కానీ ఆ టోకెన్ ఒక సత్యాన్ని ఒప్పుకుంది. పది రూపాయల కొత్తిమీరకు స్వైపింగ్ మెషీన్ కుదరదు.

అసలు లెక్క బయటపడింది మాత్రం పెట్రోల్ బంకుల్లో. 2016 డిసెంబర్‌లో ప్రభుత్వ ఆయిల్ కంపెనీల బంకుల్లో కార్డుతో కొడితే 0.75 శాతం డిస్కౌంట్ ప్రకటించారు. జనం కార్డులు తీశారు. నెల తిరిగేసరికి, జనవరి మొదట్లో, కొన్ని బ్యాంకులు బంకు యజమానుల దగ్గర కార్డు అమ్మకాల మీద ఒక శాతం వసూలు చేస్తామన్నాయి. బంకు డీలర్‌కు వచ్చేది లీటరుకు ఇంత అని ఆయిల్ కంపెనీ ఖాయం చేసిన కమీషన్. రేటు పెంచుకునే వీలు లేదు, రెండు శాతం ఎక్స్‌ట్రా అనే వీలూ లేదు. డీలర్లు ఒకటే మాటన్నారు, 9వ తేదీ నుంచి కార్డులు తీసుకోం. ప్రభుత్వం పరుగున వచ్చి బ్యాంకుల చేత వాయిదా వేయించింది, డీలర్లు వెనక్కి తగ్గారు. ఆ కొద్ది రోజుల గొడవలో, మిగతా దేశానికి కనపడకుండా బిల్లులో కలిసిపోయే ఖర్చు ఒక్కసారి పైకి తేలి కనిపించింది. కొనేవాళ్లు మేం పెట్టుకోం అన్నారు, అమ్మేవాళ్లు మేం పెట్టుకోం అన్నారు, బ్యాంకు ఊరికే చేయలేనంది. నిజానికి ముగ్గురిదీ న్యాయమే.

దీనికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు, ఆ ఖర్చు లేనట్టే నడిపించడం. 2018 నుంచి రెండేళ్లు, 2,000 రూపాయల లోపు డిజిటల్ చెల్లింపుల కమీషన్‌ను తానే కట్టింది. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకు, యూపీఐకి ఎండీఆర్‌ను సున్నా చేసింది. యూపీఐ 2016 ఏప్రిల్‌లోనే వచ్చింది. ఆ డిసెంబర్‌లో, నోట్ల కరువు మధ్యలో కూడా, దేశం మొత్తం మీద జరిగిన యూపీఐ లావాదేవీలు ఇరవై లక్షలే. 2023 ఆగస్టులో నెలకు వెయ్యి కోట్లు దాటాయి, 2025 ఆగస్టులో రెండు వేల కోట్లు. ఇందులో ఫోన్ల వాటా, చౌక డేటా వాటా ఉన్నాయి. కానీ మిర్చి బజ్జీల బండి మీదికి క్యూఆర్ ఎక్కడానికి అసలు కారణం, వంద కొడితే వందా పడటం, అదీ అప్పటికప్పుడు. మెషీన్ అద్దె లేదు, అట్టముక్క చాలు. పడిందో లేదో చెప్పడానికి స్పీకర్ బాక్సు, అది కూడా తెలుగులో. 2024లో ఫోన్‌పే బాక్సు మహేష్‌బాబు గొంతుతో మాట్లాడింది. స్వైపింగ్ మెషీన్ ముప్పై ఏళ్లలో చేరలేని చోటికి అట్టముక్క మూడు నాలుగేళ్లలో చేరిపోయింది.

సున్నా అంటే ఖర్చు లేదని కాదు. సగటున 800 రూపాయల యూపీఐ చెల్లింపుకు అన్ని పక్షాలకూ కలిపి రెండు రూపాయల దాకా అవుతుందని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో ఒక చర్చా పత్రంలో రాసింది. ఛార్జీలు వేస్తారన్న గోల మొదలవగానే, అలాంటి ఆలోచనే లేదని ఆర్థిక శాఖ ప్రకటించేసింది. బ్యాంకులకు మాత్రం ప్రోత్సాహకం పేరుతో బడ్జెట్ నుంచి ఏటా కొంత ఇస్తున్నారు. 2024-25కు 1,500 కోట్లు పెట్టి, చిన్న వ్యాపారులకు వచ్చే 2,000 లోపు చెల్లింపులకు 0.15 శాతం అన్నారు. అంటే బజ్జీల బండి దగ్గర నేను కొట్టిన ముప్పై రూపాయలకు అయ్యే ఖర్చులో కొంత, బజ్జీలు తినని వాళ్లు కూడా పన్నుల్లో కడుతున్నారు. తప్పని అనను. ఫుట్‌పాత్ వేసినట్టే ఇదీ ప్రజల ఖర్చుతో వేసిన దారి అనుకోవచ్చు. అనుకుంటే బడ్జెట్లో ఆ లెక్కన డబ్బు పెట్టాలి, ఏడాదికో అంకె మార్చకూడదు. ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందేనని రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా 2025లో అన్నదీ దీని గురించే. ఇంకోవైపు, 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకోవచ్చు. చిన్న దుకాణాల్లో 2,000 దాటితే అక్కడ మళ్లీ కమీషన్ ఉంది. అందుకే కొన్ని షాపుల్లో స్కాన్ చేయబోతుంటే "క్రెడిట్ కార్డు వద్దండీ, అకౌంట్‌లోంచి కొట్టండి" అంటున్నారు.

నగదు కూడా ఉచితమేమీ కాదు. నోట్ల ముద్రణకు రిజర్వ్ బ్యాంకు 2016-17లో ఖర్చుపెట్టింది 7,965 కోట్లు, అంతకు ముందటేడు దానిలో సగం కూడా లేదు. నోట్ల రవాణా, ఏటీఎం నింపడం, కాపలా వేరే. ఉచిత పరిమితి దాటాక ఏటీఎంలో ఒకసారి డబ్బు తీస్తే 2025 మే నుంచి 23 రూపాయల దాకా పడుతోంది.

అయినా నగదు తగ్గలేదు. నోట్ల రద్దుకు ముందు చలామణిలో ఉన్నది దాదాపు 18 లక్షల కోట్లు, 2024 మార్చి నాటికి దాదాపు 35 లక్షల కోట్లు. కారణాల్లో ఒకటి బెంగళూరు 2025 జూలైలో చూపించింది. యూపీఐ రాబడి 40 లక్షలు దాటినట్టు కనిపించిన చిన్న వ్యాపారులకు కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ జీఎస్టీ నోటీసులు పంపితే, బేకరీల్లో, కూరగాయల కొట్లలో క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి "ఓన్లీ క్యాష్" కాగితాలు అంటించారు. పాత బకాయిలు వసూలు చేయబోమని చివరికి ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఉచితంగా వచ్చిన అట్టముక్క, అమ్మకాల లెక్క కూడా రాసిపెడుతోందని వాళ్లకు అర్థమైంది అప్పుడే.

ఇక రెండో కారణం మన ఊళ్లలో ప్లాటు కొన్న ఎవరినడిగినా చెబుతారు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2015 జూన్ నుంచి చట్టం ఉంది. 2 లక్షలు, ఆపైన ఏ లావాదేవీకీ నగదు కూడదని 2017లో ఇంకోటి వచ్చింది. బేరం కుదిరాక మధ్యవర్తి అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఇప్పటికీ అదే: "వైట్ ఎంత, బ్లాక్ ఎంత?"