ఎండ లేని ఎడారి

తెలుగులో ఎండకీ ఎండిపోవడానికీ మూలం ఒకటే. అందుకే కాబోలు, ఎడారి అనగానే మనకు మండే సూర్యుడే గుర్తొస్తాడు. నిజానికి ఇసుక లేవడానికి వేడి అక్కర్లేదు, తడి లేకపోతే చాలు. గడ్డకట్టే చలిలో తడి బట్ట ఆరేస్తే ముందు అట్టలా బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఒక్క చుక్క కారకుండానే నెమ్మదిగా ఆరిపోతుంది. అందులోని మంచు నీరుగా మారకుండా నేరుగా ఆవిరైపోతుందన్నమాట. ధ్రువాల దగ్గర పొడిగాలి తగిలిన నేల కూడా అలాగే ఆరుతుంది. అలా ఆరిన ఇసుకను గాలి వదిలిపెట్టదు.

అలాస్కా ఉత్తర కొసన, ఆర్కిటిక్ సముద్రాన్ని ఆనుకుని ఒక మైదానం ఉంది. వేసవిలో పైనుంచి చూస్తే చెరువులే చెరువులు. వాటి మధ్య గడ్డి, నాచు, బురద. దీన్ని ఎడారి అంటే ఎవరూ నమ్మరు. కానీ కాల్విల్ నదికి పడమర వైపు ఆ పచ్చదనం కింద ఉన్నది ఇసుక తిన్నెలే. 7,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ పాత ఇసుక సముద్రం గురించి 1981లో ఎల్. డేవిడ్ కార్టర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రపంచానికి తెలియజేశారు.

ఇప్పటికీ ఆ తీరంలో వాన, మంచు కలిపినా చాలా ఏళ్లలో 150 మి.మీ. దాటదు. లెక్క ప్రకారం అది ఎడారే. పడిన కాస్త నీరూ కిందికి ఇంకకుండా పర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల, అడ్డుపడుతుంది కాబట్టి చెరువులు కట్టాయి, అంతే. హిమయుగం ముదిరినప్పుడు, అంటే సుమారు 20,000 ఏళ్ల కిందట, పరిస్థితి ఇంకా కఠినం. ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగిపోయింది. తీరం ఎక్కడికో జరిగిపోయింది, మిగిలిన సముద్రం మీద మంచు మూత పడింది. గాలికి తేమ దొరికే దారి మూసుకుపోయింది. నదులు మోసుకొచ్చిన ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే మొక్కలు అంతంతమాత్రం.

ఇసుక గాల్లో తేలిపోతుందని మనం అనుకుంటాం. నిజానికి ఎక్కువ భాగం గెంతుతుంది. ఒక రేణువు కాస్త పైకి లేచి, ముందుకు దూకి, కింద పడుతూ మరికొన్నిటిని లేపుతుంది. 1930లలో రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ ఇంజినీరు దీన్ని లిబియా ఎడారిలో చూసి, తర్వాత విండ్ టన్నెల్‌లో కొలిచి చూపించారు. ఈ గెంతులాటలో చలికి ఒక చిన్న లాభం ఉంది. మైనస్ 40 డిగ్రీల గాలి, 20 డిగ్రీల గాలి కంటే దాదాపు పాతిక శాతం బరువు. అదే వేగంతో వీచినా తోపు ఎక్కువ. చిక్కల్లా తడితోనే. కొద్దిపాటి తేమ ఉన్నా రేణువులు మంచుతో అతుక్కుని రాయిలా అయిపోతాయి. కాబట్టి చలిదేశంలో ఇంత ఇసుక ఎగిరిందంటే అక్కడ గాలితో పాటు కరువూ ఉండేదని అర్థం.

ఆ కరువుకు ఆధారం నది కోసిన గట్ల మీద కనిపిస్తుంది. గట్టు ముఖాన్ని తాపీతో చదునుగా గీకితే, ముందు కనబడేవి ఏటవాలు గీతలు. తిన్నె వెనక వాలు మీద జారిన ఇసుక పొర పొరగా, 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ వంపుతో నిలిచిపోయినవి. అవి ఎటు దిగుతున్నాయో చూస్తే ఆనాటి గాలి ఎటు వీచిందో తెలుస్తుంది. వాటిని అడ్డంగా చీల్చుకుంటూ అక్కడక్కడా పైన వెడల్పుగా, కింద సూదిగా మేకు లాంటి ఆకారం ఒకటి దిగుతుంది. దాన్ని ఇసుక మేకు అందాం. అందులోని సన్నని పొరలు మాత్రం నిలువుగా ఉంటాయి.

నాకు అన్నిటికంటే నచ్చే సాక్ష్యం ఈ మేకే. కటిక చలికి నేల కుంచించుకుని పగులుతుంది. తడి ప్రాంతమైతే వసంతంలో మంచు కరిగిన నీరు ఆ పగుల్లోకి దిగి గడ్డకడుతుంది, అది మంచు మేకు. నీరే లేని చోట పగులును గాలి ఇసుకతో పూడుస్తుంది. మళ్లీ మళ్లీ దాదాపు అక్కడే పగులుతుంది, మళ్లీ కాస్త ఇసుక పడుతుంది. చలీ, కరువూ, గాలీ మూడూ కలిసి పెట్టిన సంతకం అది. మామూలు ఇసుక తిన్నె ఎక్కడైనా ఏర్పడుతుంది. ఇసుక మేకు పుట్టాలంటే మాత్రం నేల అడుగున గడ్డకట్టి ఉండాల్సిందే.

ఇంకో గుర్తు కూడా ఉంది కానీ దాన్ని అంతగా నమ్మలేం. చలికాలంలో మంచూ ఇసుకా కలిసి ఎగిరి పొరలుగా పేరుకుంటాయి. వేసవిలో మంచు పోయాక పైనున్న ఇసుక కుంగి గుంటలు పడుతుంది. తర్వాతి గాలికే చాలా వరకు చెరిగిపోతాయి.

ఇక వయసు సంగతి. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజపు రేణువు ఒక రకమైన గడియారం. చుట్టూ మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే రేడియేషన్ వల్ల దాని లోపలి ఎలక్ట్రాన్లు కొన్ని చిక్కుకుపోతాయి. పూడిపోయి ఎంతకాలమైతే అంత ఎక్కువ. ఎండ తగిలితే అన్నీ విడుదలై గడియారం సున్నాకి వస్తుంది. ల్యాబ్‌లో ఆ రేణువు మీద కాంతి వేసి, అది తిరిగి వెలువరించే సన్నని వెలుగును కొలుస్తారు. ఈ పద్ధతిని 1985లో కెనడాలో హంట్లీ బృందం చేసి చూపించింది. అందుకే ఈ పని చేసేవాళ్లకు వెలుతురంటే టెన్షన్. గట్టులోకి గొట్టం దిగగొట్టి, రెండు వైపులా మూసి, చీకటిగదిలో మసక ఎర్రదీపం కిందే తెరుస్తారు.

చలి ఇక్కడా ఒక మెలిక పెడుతుంది. రేణువుల మధ్య మంచు ఉంటే రేడియేషన్‌లో కొంత అదే తాగేస్తుంది. ఇన్ని వేల ఏళ్లలో అక్కడ మంచు ఎంత ఉండేదో తక్కువగా అంచనా వేస్తే ఇసుక వయసు ఉన్నదానికంటే తగ్గిపోతుంది.

ఐరోపాలో ఈ కథ చదునైన పొరల్లో దొరుకుతుంది. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్, పోలండ్ మీదుగా హిమయుగపు గాలి ఇసుకను దుప్పటిలా పరిచింది. నెదర్లాండ్స్‌లో ఉసెలో దగ్గర ఆ దుప్పటి మధ్యలో ఒక పాలిపోయిన బూడిదరంగు పట్టీ, అందులో బొగ్గు ముక్కలు కనిపిస్తాయి. సుమారు 14,000 నుంచి 12,900 ఏళ్ల కిందటి వరకు కాస్త వెచ్చబడి, చెట్లు పెరిగిన కాలం అది. దాని పైన మళ్లీ ఇసుకే. చలి తిరిగొచ్చింది, గాలి మళ్లీ పనిలోకి దిగింది.

అలాస్కా ఉత్తర తీరం ఇప్పుడు సగటున ఏడాదికి 1.4 మీటర్ల చొప్పున కోసుకుపోతోంది. పర్మాఫ్రాస్ట్ మెత్తబడి, అలలు అడుగును తొలిచేసి, గట్టు పెళ్లలుగా కూలుతుంది. అందులో వేల ఏళ్లు చీకట్లో ఉన్న ఇసుక ఉంటే, అది ఒడ్డున పడి చెదిరి రేణువు రేణువుకీ ఎండ తగులుతుంది. నిమిషం తిరక్కుండానే దాని గడియారం సున్నా.