టిప్పు కూలిగా మారిన ఏడాది: అమెరికా బిల్లు వెనక కథ

అమెరికా రెస్టారెంట్లలో టిప్పు గొడవ మళ్లీ రాజుకుంది. బయటి దేశాల వాళ్లు తిని, ఏమీ ఇవ్వకుండా లేచిపోతున్నారని సర్వర్ల బాధ. అడక్కుండానే 18 శాతం, 20 శాతం బిల్లులో కలిపేస్తున్నారని పర్యాటకుల కోపం. అలాంటి బిల్లు చేతికొస్తే భోజనం ధర కింద ‘సర్వీస్ ఛార్జ్’ అని ఒక వరుస, ఆ కింద పన్ను, దాని కింద మళ్లీ ‘టిప్’ అని ఖాళీ గీత కనిపిస్తాయి. కొత్తగా వెళ్లినవాళ్ల పెన్ను ఆ గీత దగ్గరే ఆగిపోతుంది.

టిప్పు అలవాటు యూరప్ నుంచి ఎలా వచ్చిందో, రైలు పోర్టర్లు దాని మీదే ఎలా బతికారో చాలామంది రాశారు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1966.

1938లో వచ్చిన కనీస వేతన చట్టం రెస్టారెంట్, హోటల్ పనివాళ్లను పక్కన పెట్టేసింది. 1966 సవరణతో వాళ్లకూ చోటు దొరికింది. అయితే ఆ సవరణలోనే ఒక మెలిక ఉంది. దాని పేరు టిప్ క్రెడిట్. కనీస వేతనంలో సగం వరకు కస్టమర్ ఇచ్చే టిప్పులోంచే వచ్చినట్టు ఓనర్ లెక్క రాసుకోవచ్చు. 1967 ఫిబ్రవరిలో, కొత్తగా చట్టం కిందికి వచ్చినవాళ్లకు గంటకి ఒక డాలర్ అన్నారు. సర్వర్‌కి ఓనర్ జేబులోంచి 50 సెంట్లు ఇస్తే సరిపోయేది.

అప్పటిదాకా టిప్పు అంటే ఇనాము. ఆ రోజు నుంచి అది కూలిలో భాగం. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. సర్వీసు నచ్చితే ఇద్దాం, లేకపోతే లేదు అనుకుని కూర్చునే పర్యాటకుడికి, తను సగం జీతం చెల్లించాల్సిన కుర్చీలో కూర్చున్నానని ఎవరూ చెప్పరు.

1996లో ఆ ‘సగం’ అన్న ముడి కూడా తెగింది. 1991లో కనీస వేతనం 4.25 డాలర్లు, టిప్పు తీసుకునేవాళ్లకు అందులో సగం, అంటే 2.13. 1996లో కనీస వేతనం పెంచుతూ ఈ 2.13ని మాత్రం అలాగే వదిలేశారు. రెస్టారెంట్ యజమానుల సంఘం కోరుకున్నదీ అదే. 2009లో కనీస వేతనం 7.25కి చేరింది. 2.13 ఇప్పటికీ 2.13.

టిప్పులు కలిపినా 7.25 రాకపోతే తేడా మేమే కట్టాలి కదా అంటారు ఓనర్లు. చట్టంలో ఆ మాట నిజంగానే ఉంది. లాభాలు అంతంతమాత్రం, జీతాలు పెంచితే ధరలు పెంచాల్సి వస్తుందన్నది వాళ్ల రెండో మాట.

సర్వర్ల మాట వినాలంటే రాత్రి షిఫ్ట్ అయ్యాక జరిగే లెక్క చూడాలి. చాలా చోట్ల సర్వర్ తన టిప్పులోంచి బల్లలు తుడిచే కుర్రాడికి, బార్‌లో పనిచేసేవాళ్లకు వాటా ఇవ్వాలి. ఆ వాటాను వచ్చిన టిప్పు మీద కాకుండా, అమ్మిన బిల్లు మీద లెక్కగట్టే చోట్లు బోలెడు. వాటా 4 శాతం అనుకుందాం. వంద డాలర్లు తిన్న కుటుంబం టిప్పు పెట్టకుండా వెళ్తే, వాళ్లకు వడ్డించిన సర్వరమ్మాయే తన మిగతా టిప్పుల్లోంచి 4 డాలర్లు కట్టాలి. ‘టిప్పు ఇవ్వకపోతే ఆమెకి ఏమీ రాదు, అంతేగా’ అనుకునేవాళ్లకు తెలియని సంగతి ఇది.

కొందరు మనసు బాగుండి కూడా పొరపాటు చేస్తారు. ప్రేమగా తమ దేశపు నాణేలు బల్ల మీద పెట్టి వెళ్తారు. డబ్బు మార్చే కౌంటర్లలో మామూలుగా విదేశీ నాణేలు తీసుకోరు, నోట్లే తీసుకుంటారు. అవి ఆమె డ్రాయర్‌లోనే పడి ఉంటాయి. కార్డ్ ఇచ్చినప్పుడు ఇంకో టెన్షన్. ముందు బిల్లు మొత్తానికే మెసేజ్ వస్తుంది. గీత మీద రాసిన టిప్పు తర్వాత కలుస్తుంది, దాంతో బ్యాంకు లెక్కలో మొత్తం పెరుగుతుంది. మోసం అనుకుని కంగారుపడక్కర్లేదు, స్లిప్ దాచుకుంటే చాలు. మెషీన్ మీ సొంత కరెన్సీలో కడతారా అని అడిగితే డాలర్లే నొక్కండి. లేకపోతే ఆ మార్పిడి రేటులో కలిపే అదనపు సొమ్ము టిప్పు మీదా పడుతుంది, అందులో సర్వర్‌కి పైసా వెళ్లదు.

ఇక బిల్లులో ముందే కలిపే 20 శాతం. బలవంతంగా వేసింది టిప్పు కాదు, సర్వీస్ ఛార్జ్ అని అమెరికా పన్ను శాఖ తేల్చింది. 2014 నుంచి గట్టిగా అమలు చేస్తోంది. టిప్పును ఓనర్ ఉంచుకోకూడదని 2018లో చట్టం వచ్చింది, కానీ సర్వీస్ ఛార్జ్ ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, దృష్టిలో రెస్టారెంట్ సొమ్ము. కొన్ని రాష్ట్రాల రూల్స్ వేరుగా ఉన్నాయి. 2025 జులైలో వచ్చిన పన్ను చట్టం టిప్పులకు ఏడాదికి 25,000 డాలర్ల వరకు ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చింది, 2028 వరకు. అదీ కస్టమర్ ఇష్టపడి ఇచ్చిన దానికే. పర్యాటకుడు ‘ఇచ్చేశాను’ అనుకున్న 20 శాతానికి ఆ మినహాయింపు లేదు, అదంతా ఆమెకి చేరుతుందన్న హామీ కూడా లేదు.

కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, నెవాడా, మోంటానా, మిన్నెసోటా, అలాస్కా రాష్ట్రాల్లో టిప్ క్రెడిట్ చెల్లదు, ఓనర్ పూర్తి కనీస వేతనం ఇవ్వాలి. టెక్సస్‌లో ఇప్పటికీ ఆ 2.13 చాలు. రెండు చోట్లా కార్డ్ మెషీన్ మాత్రం అవే 18, 20, 25 శాతాలు చూపిస్తుంది. కాబట్టి బిల్లు రాగానే సర్వర్‌ని సూటిగా అడగండి: ఈ సర్వీస్ ఛార్జ్ మీకు వస్తుందా? రాదంటే, ఆ గీత ఖాళీగా వదిలినా సరే, ఇవ్వాలనుకున్నది డాలర్ నోట్లలో ఆమె చేతికే ఇవ్వండి.