చావదు, పెరగదు: వనామి రొయ్యల చెరువుల్లో ఈహెచ్‌పీ ఎలా పాతుకుపోయింది

తొంభై రోజులు దాటినా వంద కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) దగ్గరే ఆగిపోయిన చెరువులో చచ్చిన రొయ్య కనబడదు. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఖాళీ అవుతూనే ఉంటుంది. విసురు వల వేస్తే ఒకే వలలో 15 గ్రాముల రొయ్య, 5 గ్రాముల రొయ్య పడతాయి. మేత మార్చి, మందులు మార్చి నెల పోగొట్టుకున్నాక పరీక్ష చేయిస్తే ఈహెచ్‌పీ (ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై అనే సూక్ష్మ పరాన్నజీవి) అని తేలుతుంది.

టైగర్ రొయ్య కాలంలో తల్లి రొయ్యలు సముద్రం నుంచే వచ్చేవి. వాటితో పాటు వైరస్‌లూ పిల్లలను పుట్టించే హేచరీలోకి వచ్చేవి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ జబ్బు కోస్తా చెరువులను ఊడ్చేశాక ఈ లోపం అందరికీ అర్థమైంది. 2009లో పసిఫిక్ జాతి రొయ్య వనామికి అనుమతి రావడానికి ప్రధాన బలం ఎస్‌పీఎఫ్ తల్లి రొయ్యలే. ఎస్‌పీఎఫ్ అంటే జాబితాలో రాసిన రోగక్రిములు లేవని అర్థం, రోగాన్ని తట్టుకుంటుందని కాదు. ఈ రెంటినీ ఒకటిగా చూడటం దగ్గరే పొరపాటు మొదలైంది. అదే 2009లో థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్య నుంచి ఈహెచ్‌పీని శాస్త్రవేత్తలు కొత్త జాతిగా వర్ణించారు. కొన్నేళ్లకే అది మన చెరువుల్లోనూ కనిపించింది.

ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. రొయ్య కాలేయంలోని నాళాల కణాల్లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి. జీర్ణరసాలు ఊరేది, కొవ్వు నిల్వ ఉండేది ఆ కణాల్లోనే. అవి దెబ్బతింటే తిన్న మేత ఒంటబట్టదు. ఈ పరాన్నజీవి సిద్ధబీజాలు (స్పోర్లు) రొయ్య పెంటతో బయటపడి అడుగు మట్టిలో చేరతాయి. ఆ మట్టిని గీకి తిన్న రొయ్యకు, జబ్బు రొయ్యను పీక్కుతిన్న రొయ్యకు అంటుకుంటుంది. అందుకే సాంద్రత పెరిగేకొద్దీ ఇది వేగంగా పాకుతుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చదరపు మీటరుకు 60 పిల్లలను మించొద్దంది. అంటే ఎకరాకు సుమారు 2.4 లక్షలు. 80 శాతం బతికి 20 గ్రాములకు వస్తే 3.8 టన్నులు. 10 గ్రాముల దగ్గర ఆగితే పట్టుబడిలో సగం పోతుంది. పైగా కౌంట్ పెరిగి ధర పడిపోతుంది.

నమ్మదగిన మందు లేదు కాబట్టి పని పంటకూ పంటకూ మధ్యే జరగాలి. అడుగు బురద తీసి, బాగా ఎండనిచ్చి, హెక్టారుకు 6 టన్నుల (ఎకరాకు సుమారు 2.4 టన్నుల) కాల్చిన సున్నం చల్లి 10-12 సెంటీమీటర్ల లోతున కలియదున్నాలి. ఆ తర్వాతే తడపాలి. సిద్ధబీజాలు చావాలంటే మట్టి పీహెచ్ (క్షారగుణం) 12కు చేరి ఒకటి రెండు రోజులు నిలవాలి. మళ్లీ వారం ఎండబెట్టి నీళ్లు పెట్టాలి. వ్యవసాయ సున్నం, డోలమైట్ ఎంత చల్లినా పీహెచ్ అక్కడికి రాదు. చాలా చెరువుల్లో జబ్బు తిరగబెట్టేది ఇక్కడే. బస్తాల్లో గాలి తగిలి చల్లారిన సున్నమూ పనిచేయదు. చల్లేవాళ్లకు ముసుగు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

చెరువులో వదిలే సీడ్ (రొయ్య పిల్లల) పరీక్షకు పది పిల్లలు పంపితే చాలదు. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకే జబ్బున్నా దొరకాలంటే కనీసం 150 కావాలి. నెల దాటాక వారం వారం తూచి, సైజుల తేడా కనిపించిన వెంటనే కాలేయాన్ని పీసీఆర్‌కు (రోగక్రిమి జన్యువును పట్టే ల్యాబ్ పరీక్షకు) పంపాలి. జబ్బు తేలిన చెరువు నీటిని క్లోరిన్ వేయకుండా డ్రైన్‌లోకి వదిలితే కింది రైతు మోటారు తోడుకునేది ఆ నీళ్లే. తెల్లమచ్చ నాడూ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు ఈ దారినే పాకింది.