సాంపిల్ సబ్‌స్క్రిప్షన్ కట్టే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తాను. షార్ట్ ఫిల్మ్‌లు, యాడ్లు, జానపద పాటలు, అప్పుడప్పుడు సినిమాలకు బీజీఎం. సాంపిల్ సర్వీసులకు, అంటే పాటల్లో వాడుకోవడానికి ముందే రికార్డు చేసిన సౌండ్లు ఇచ్చే వాటికి, కొన్నేళ్లుగా నెలనెలా డబ్బు కడుతున్నాను, ఇకముందూ కడతాను, కాబట్టి వాటిని తిట్టడానికి ఇది రాయట్లేదు. కొత్తగా ఇంట్లో స్టూడియో పెట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేసి అడిగేవి చూస్తే తిప్పి తిప్పి అవే నాలుగైదు విషయాలు.

అపోహ: రాయల్టీ ఫ్రీ కదా, డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ సౌండ్ నాదే.

నీది కాదు. నువ్వు కొన్నది వాడుకునే అనుమతి మాత్రమే. రాయల్టీ ఫ్రీ అంటే నీ పాట ఎంత సంపాదించినా ఆ లూప్ (తిప్పి తిప్పి వాడుకునే చిన్న సంగీతం ముక్క) చేసినవాళ్లకు మళ్లీ వాటా ఇవ్వక్కర్లేదని, అంతే. అదే లూప్‌ని అదే రోజు బ్రెజిల్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు దించుకుని ఉంటారు, వాళ్లకీ నీకున్నంత హక్కే ఉంది.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. ఒక షార్ట్ ఫిల్మ్ టైటిల్ మ్యూజిక్‌లో ఆడగొంతు ఆలాపన లూప్ ఒకటి, ఎనిమిది బార్లు (తాళం చుట్లు), ఏమీ మార్చకుండా, కింద వేరే వాయిద్యం కూడా లేకుండా మొదట్లోనే పెట్టేశాను. యూట్యూబ్‌లో పెట్టిన రాత్రే డైరెక్టర్ ఫోన్: "అన్నా, కాపీరైట్ క్లెయిమ్ పడింది, డబ్బులు ఎవరికో పోతాయంట." చూస్తే ఎక్కడో ఎవరో అదే ఆలాపనతో పాట చేసి కంటెంట్ ఐడీలోకి (ఎవరి పాట ఎక్కడ వాడారో యూట్యూబ్ గుర్తుపట్టే వ్యవస్థ) ఎక్కించేశారు. యూట్యూబ్ నిబంధనల ప్రకారం అలా చేయకూడదు, నలుగురికీ లైసెన్స్ ఇచ్చిన సౌండ్‌ని నీ ఒక్కడి సొత్తుగా అందులో నమోదు చేయడం కుదరదు, కానీ చాలామందికి ఆ సంగతే తెలియదు. లైసెన్స్ వివరాలు రాసి డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టాక క్లెయిమ్ తీసేశారు. అప్పటిదాకా ఆ డైరెక్టర్ కుర్రాడు పడ్డ టెన్షన్‌కి మాత్రం నేనే బాధ్యుణ్ణి.

అప్పటి నుంచి గొంతు లూప్‌ని ఉన్నది ఉన్నట్టు ఒంటరిగా వదలను. ముక్కలు చేస్తాను, వరస మారుస్తాను, మీద ఇంకేదైనా వాయిస్తాను. ప్రతి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఏ లూప్ ఎక్కడి నుంచి ఏ తేదీన తీసుకున్నానో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెడతాను. ఆడియో కంపెనీ అగ్రిమెంట్ ఇచ్చినప్పుడు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అందులో "మొత్తం సొంత సృష్టి, సర్వహక్కులూ మీకే" అని మన చేత సంతకం పెట్టించుకుంటారు. లూప్ ఉంటే సంతకానికి ముందే చెప్పండి.

ఇంకో మాట. ట్రాక్‌లిబ్ అని ఒకటి ఉంది, దాన్ని వీటితో కలపకండి. అక్కడ ప్రధానంగా దొరికేవి నిజంగా విడుదలైన పాటలు, వాటిలోంచి ముక్క తీసుకుంటే విడిగా లైసెన్స్ తీసుకోవాలి.

అపోహ: సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే అన్నీ పోతాయి. (లేదా: ఏమీ పోదు.)

రెండూ వింటుంటాను. ఏ రకం సర్వీసు అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్ప్లైస్ అనే సాంపిల్ సర్వీసులో, కట్టిన డబ్బుకు వచ్చే క్రెడిట్లు ఖర్చుపెట్టి దించుకున్న వేవ్ (ఆడియో) ఫైళ్లు ఆపేశాక కూడా వాడుకోవచ్చు, పోయేవి మిగిలిపోయిన క్రెడిట్లు. కాబట్టి ఆపే ముందు రోజు కూర్చుని వాటిని ఖాళీ చేయండి. ఈస్ట్‌వెస్ట్ కంపోజర్‌క్లౌడ్ లాంటిది వేరు, అది వాయిద్యాలను అద్దెకిస్తుంది. డబ్బు ఆగితే ప్లగిన్ (ఆ వాయిద్యాలను మోగించే సాఫ్ట్‌వేర్) మూగబోతుంది, ఆరు నెలల తర్వాత "ఆ వయొలిన్లు కాస్త తగ్గించండి" అని డైరెక్టర్ వస్తే తెరిచిన ప్రాజెక్ట్‌లో వయొలిన్లే ఉండవు. అందుకే పని అవ్వగానే ప్రతి ట్రాక్‌నీ విడివిడిగా బౌన్స్ చేసి, అంటే మామూలు ఆడియో ఫైలుగా మార్చి దాచుకోవాలి.

అపోహ: లూప్ వాడేవాడు మ్యూజిషియన్ కాదు.

2024లో ప్రపంచమంతా మోగిన సబ్రినా కార్పెంటర్ "ఎస్ప్రెస్సో" పాటలో స్ప్లైస్ లూపులున్నాయి. నాకు తెలిసి ఈ వాదన అక్కడితో సరి.

టెలిగ్రామ్‌లో దొరికే ఉచిత ప్యాకుల గురించి కూడా అడుగుతారు. క్లెయిమ్ పడిన రోజు చూపించడానికి నీ దగ్గర కాగితం ఉండదు. వద్దు.

అపోహ: లక్షల సాంపిల్స్ ఉన్నాయి, మనకు కావాల్సింది దొరక్కపోదు.

కిక్కు, స్నేరు (డ్రమ్ దెబ్బలు), సింథ్ బేస్ కావాలంటే దొరుకుతాయి, బోలెడు. మన పాట దగ్గరకొచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. సర్వీసులో "సి మైనర్" అని రాసి ఉన్న లూపు సాధారణంగా మన నఠభైరవి రాగం స్వరాల మీద నడుస్తుంది, అంటే శుద్ధ ధైవతం (కింది "ధ"). నీ ట్యూన్ ఖరహరప్రియలో ఉంటే అందులో చతుశ్రుతి ధైవతం (పై "ధ"), గాయని ఆ స్వరం మీద నిలబడగానే రెండు ధైవతాలూ కొట్టుకుంటాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం రెండూ ఒకే స్కేల్ అంటుంది. దాన్ని నమ్మకండి, చెవిని నమ్మండి, ధైవతం లేని లూప్ వెతుక్కోండి.

డప్పు సంగతి ఇంకా కష్టం. ఒక తీన్‌మార్ పాట కోసం రెండు రోజులు వెతికాను, "ఇండియన్ పర్కషన్" అని కొడితే తబలా, ఢోలక్, మళ్లీ తబలా. చివరికి మా ఊరి పక్క డప్పు దళంలోని ఒక పెద్దాయన్ని బతిమాలి పిలిపించుకున్నాను. మైకు పెడితే ఆయన "ఆగు బిడ్డా" అని ముందు గడ్డి మంట వేసి డప్పు కాచాడు, తోలు బిగిసిందాకా వేలితో తట్టి చూస్తూ. కుడిచేతి సిర్రతో పడే దెబ్బ ఒక రకం, ఎడమచేతి చిటికెన పుల్ల శబ్దం ఇంకో రకం, రెండూ విడివిడిగా, మెల్లగా, గట్టిగా, అంచు మీద, నడిమధ్యన కొట్టించి రికార్డు చేసుకున్నాను. తోలు చల్లబడి శ్రుతి దిగగానే ఆయనే ఆపేసి మళ్లీ మంట దగ్గరకు పోయేవాడు. అలా మూడుసార్లు. ఇచ్చిన డబ్బు ఏడాది సబ్‌స్క్రిప్షన్ కంటే ఎక్కువే అయింది, ఆ దెబ్బలను నా పాటల్లో వాడుకోవడానికి ఆయన ఒప్పుకున్నట్టు కాగితం కూడా రాసుకున్నాం. ఇప్పుడు ఎవరైనా జానపదం పని తెస్తే నేను ముందు తెరిచేది ఆ ఫోల్డరే.