పెద్ద విరాళాలు అడిగే ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల కోసం అద్దె ఇళ్లు కట్టి నడిపే ఒక లాభాపేక్ష లేని సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మేజర్ గిఫ్ట్స్ ఆఫీసర్ అంటారు నన్ను. పాతిక వేల డాలర్లు, అంతకు మించి ఇవ్వగల దాతలను కలవడం, అడగడం, ఇచ్చిన డబ్బు ఏమైందో వాళ్లకు చెప్పడం నా పని. తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరైనా ‘మీరేం చేస్తుంటారు’ అని అడిగితే ఒక్క మాటలో చెప్పడం కష్టం. చెప్పాక వచ్చే ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ దాదాపు అవే. వాటికి ఇక్కడ తీరిగ్గా జవాబులు రాస్తున్నాను.

అపోహ: “అంటే చందాలు అడుక్కోవడమేగా!”

వాస్తవం: నా జాబితాలో సుమారు 120 మంది దాతలు ఉంటారు. వాళ్లలో ఒక ఏడాదిలో నేను నోరు తెరిచి ఇంత ఇవ్వండి అని అడిగేది పాతిక ముప్పై మందిని. మిగతా కాలమంతా వినడానికే పోతుంది. మొదటి పరిచయం నుంచి అడిగే రోజు దాకా ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఇది మొహమాటం వల్ల జరిగే ఆలస్యం కాదు. ఎదుటి మనిషికి ఈ విషయం ఎందుకు పడుతుందో తెలియకుండా అడిగితే, మహా అయితే వదిలించుకోవడానికి ఒక చిన్న చెక్కు రాసిస్తారు.

ఈ పాఠం నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. చేరిన రెండో ఏడు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయనను కలిశాను. కూర్చున్న పది నిమిషాలకే బ్రోషర్ తీసి, ఫ్లాట్ల లెక్కలు చెప్పి, యాభై వేల డాలర్లు అడిగాను. ఆయన మర్యాదగా కాఫీ ఇచ్చి, “చూద్దామమ్మా” అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో మన భాషలో అందరికీ తెలుసు. తర్వాత ఎనిమిది నెలలు నేను ఆయనను ఏమీ అడగలేదు. మా భవనాలు చూడడానికి రమ్మన్నాను, వచ్చారు. ఒక సాయంత్రం తిరిగి వెళ్తూ కారు దగ్గర నిలబడి తన చిన్నప్పటి సంగతి చెప్పారు. విజయవాడలో రెండు గదుల పోర్షన్, అయిదేళ్లలో ఆరు ఇళ్లు మారడం, అద్దె నాలుగు రోజులు ఆలస్యమైతే ఓనరు మోటారు ఆపేయడం, వాళ్లమ్మ పక్కింటి నుంచి బిందెలతో నీళ్లు మోయడం. నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆయన దగ్గరికి నేను తీసుకెళ్లాల్సింది బ్రోషర్ కాదని అప్పుడు అర్థమైంది. ఆయన సంగతి మళ్లీ చెబుతాను.

అపోహ: “అమెరికా ప్రభుత్వమే కట్టిస్తుంది కదా, మళ్లీ విరాళాలు ఎందుకు?”

వాస్తవం: ఇది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా. కాస్త వివరంగా చెప్పాలి.

ఇక్కడ కొత్తగా కట్టే అఫర్డబుల్ హౌసింగ్‌లో ఎక్కువ భాగం 1986లో మొదలైన ట్యాక్స్ క్రెడిట్ పథకం మీద నడుస్తుంది. ప్రభుత్వం నేరుగా ఇల్లు కట్టదు. కేంద్రం జనాభాను బట్టి రాష్ట్రాలకు క్రెడిట్లు పంచుతుంది. మాలాంటి సంస్థలు వాటి కోసం పోటీ పడతాయి. గెలిచిన సంస్థ ఆ క్రెడిట్లను బ్యాంకుల వంటి పెట్టుబడిదారులకు ఇస్తుంది. వాళ్లు పదేళ్లపాటు తమ పన్నులో తగ్గించుకుంటారు, బదులుగా భవనానికి డబ్బు పెడతారు. దీనిలోనే రెండు రకాలున్నాయి, ఖర్చులో ఏటా సుమారు ఎంత శాతం పన్ను తగ్గుతుందో దాన్ని బట్టి వాటి పేర్లు. తొమ్మిది శాతం క్రెడిట్ అనేది అర్హమైన ఖర్చులో సుమారు 70 శాతానికి సరిపోతుంది, అందుకే దానికి గట్టి పోటీ. నాలుగు శాతం క్రెడిట్ సుమారు 30 శాతానికే వస్తుంది. మిగతాది బ్యాంకు అప్పు, రాష్ట్రం, కౌంటీ, సిటీ నిధులు. ఒక్క భవనానికి ఆరేడు చోట్ల నుంచి డబ్బు, ఒక్కొక్కరికీ వేరే షరతులు, వేరే గడువులు. ఇల్లు కట్టి చూడమని మనవాళ్లు ఒక్క ఇంటికే అన్నారు.

ఇప్పుడు ఇందులోని ఖాళీలు చూడండి. ‘అర్హమైన ఖర్చు’లో స్థలం ధర కలవదు. బే ఏరియాలో స్థలం ధర ఏ స్థాయిలో ఉంటుందో ఇక్కడున్న వాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండో ఖాళీ కాలానిది. క్రెడిట్‌కు దరఖాస్తు పెట్టేసరికే స్థలం మన చేతిలో ఉండాలి, మట్టి పరీక్షలు, ఆర్కిటెక్టు డ్రాయింగులు, సిటీ అనుమతులు అయిపోవాలి. దీనికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ దశలో బ్యాంకు ముందుకు రాదు, పెట్టుబడిదారుడు అసలే రాడు. దరఖాస్తు ఓడిపోతే మళ్లీ తర్వాతి విడత దాకా ఆగాలి. పెట్టుబడిదారుడి డబ్బులో చాలాభాగం భవనం పూర్తయ్యాకే చేతికి వస్తుంది. ఈ మొదటి రెండు మూడేళ్లు నష్టపోయినా ఫర్వాలేదనుకునే డబ్బు కావాలి. అది దాతల డబ్బే. మొత్తం ఖర్చులో విరాళాల వాటా చిన్నదే. కానీ అది లేకపోతే మిగతాదేదీ కదలదు. దాతలతో నేను చెప్పేది ప్రధానంగా ఇదే: మీ డబ్బుతో భవనం మొత్తం లేవదు, కానీ మీ డబ్బు వెళ్లే చోటికి మరెవరి డబ్బూ వెళ్లదు.

ప్రభుత్వ నిధులు వస్తాయన్న నమ్మకం కూడా ప్రతిసారీ నిలవదు. 2024 నవంబరు ఎన్నికల్లో బే ఏరియా తొమ్మిది కౌంటీల్లో 2,000 కోట్ల డాలర్ల గృహ బాండు, అంటే ఇళ్ల కోసం ప్రజల ఆమోదంతో ప్రభుత్వం తెచ్చే అప్పు, ఓటుకు రావాల్సింది. ఆగస్టులోనే దాన్ని బ్యాలట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ వారం మా ఆఫీసులో అందరికీ టెన్షనే. దాని మీద లెక్కలు వేసుకున్న ప్రాజెక్టులు మాకే కాదు, చాలా సంస్థలకు ఉన్నాయి.

అపోహ: “పని చేయని వాళ్లకు ఫ్రీగా ఇళ్లు ఇస్తారు.”

వాస్తవం: ఫ్రీ కాదు. ప్రతి కుటుంబం అద్దె కడుతుంది. ఎవరు కడుతున్నారో చూస్తే ఈ అపోహ నిలబడదు. మా భవనాల్లో ఉండేవాళ్లు ముసలివాళ్లను ఇళ్లలో చూసుకునే ఆయాలు, స్కూల్ క్యాంటీన్‌లో వండేవాళ్లు, ఆఫీసులు ఊడ్చేవాళ్లు, పింఛను మీద బతికే వృద్ధులు. ఈ ప్రాంతంలో ‘తక్కువ ఆదాయం’ అన్న మాటకు అర్థమే వేరు. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌మటేయో, మారిన్ కౌంటీల్లో నలుగురున్న కుటుంబానికి కేంద్ర గృహశాఖ పెట్టిన ఆ హద్దు 1,17,400 డాలర్లు. మా ఇళ్లలో ఉండేవాళ్లలో చాలామంది దానికి ఎంతో దిగువన ఉంటారు.

ఇందులోనే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ట్యాక్స్ క్రెడిట్ భవనంలో అద్దె ఆ కుటుంబం అసలు సంపాదన మీద ఆధారపడదు. ఆ ఫ్లాటుకు నిర్ణయించిన ఆదాయ హద్దులో 30 శాతంగా ముందే ఖాయమై ఉంటుంది. ప్రభుత్వ వోచరు (అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే సాయం) ఉన్నవాళ్లకైతే సంపాదన తగ్గితే వాళ్లు కట్టే వాటా తగ్గుతుంది. వోచరు లేని వాళ్లకు తగ్గదు. పని గంటలు కోసేసినా, భర్త మంచాన పడినా ఒకటో తారీఖు అద్దె అదే. ఒక్క నెల తడబడితే అప్పు మొదలవుతుంది, మూడు నెలలైతే ఇల్లు పోయే ప్రమాదం వస్తుంది. అందుకే అత్యవసర అద్దె నిధి అని ఒకటి నడుపుతాం. దానికి ఏ ప్రభుత్వ పద్దూ లేదు, పూర్తిగా విరాళాలే.

అపోహ: “తెచ్చిన దాంట్లో నీకు ఎంత శాతం?”

వాస్తవం: సున్నా. నాది నెల జీతం. విరాళంలో శాతం తీసుకోవడం ఈ వృత్తిలో తప్పు. ఫండ్‌రైజర్ల జాతీయ సంఘం నీతి నియమావళి దాన్ని స్పష్టంగా నిషేధించింది. కారణం సులభం. కమీషన్ ఉంటే రెండేళ్లు ఆగమని ఏ మనిషికీ మనసు చెప్పదు. ‘నేను శాతం మీద పనిచేస్తాను, ముందు జీతమేమీ ఇవ్వక్కర్లేదు’ అని ఎవరైనా మీ సంస్థకు వస్తే దయచేసి వద్దనండి.

అపోహ: “ఇంత ఇస్తున్నాం, మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఫ్లాట్ ఇప్పించలేరా?”

వాస్తవం: ఇప్పించలేను. ఈ మాట మనవాళ్ల దగ్గరే కాదు, అందరి దగ్గరా వింటాను. అడిగేవాళ్లది చెడు ఉద్దేశం కాదు. తెలిసినవాళ్ల కష్టం కళ్ల ముందు ఉంటుంది కదా. కానీ 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు ఇవ్వడాన్ని నిషేధించింది. ఫ్లాట్ల కంటే దరఖాస్తులు ఎన్నో రెట్లు వస్తాయి, లాటరీ తీస్తాం. దాత చేతిలో పేర్ల జాబితా పెడితే ఆ లాటరీకి అర్థం ఉండదు. ఇలా అడిగినవాళ్లకు దరఖాస్తు తేదీ, కావలసిన కాగితాల జాబితా పంపుతాను. చాలామంది ఆ తేదీలు తెలియకే అవకాశం పోగొట్టుకుంటారు.

అపోహ: “మనవాళ్లు గుడికి ఇస్తారు, ఊళ్లో బడికి ఇస్తారు. ఇక్కడి అద్దె ఇళ్లకు ఇవ్వరు.”

వాస్తవం: ఇది మా సంస్థలో మొదట్లో ఉన్న అభిప్రాయం కూడా. మనవాళ్లను సరిగ్గా అడిగినవాళ్లే లేరని నా అనుభవం. ఊళ్లో గుడి ఫ్యాన్ రెక్క మీద తాతగారి పేరు చూసి పెరిగిన మనిషికి దానం కొత్త కాదు. తెలియనిది ఇక్కడి దారి.

ఆ దారిలో ముఖ్యమైనది షేర్లు. కంపెనీ షేర్లు 20 వేల డాలర్లకు వచ్చి ఇప్పుడు లక్ష అయ్యాయనుకోండి. అమ్మి డబ్బిస్తే 80 వేల లాభం మీద ఫెడరల్ పన్ను 15 శాతమే అయినా 12 వేలు పోతుంది, రాష్ట్రం పన్ను అదనం. చేతికొచ్చి ఏడాది దాటిన షేర్లను అమ్మకుండా నేరుగా సంస్థకు బదిలీ చేస్తే ఆ లాభం మీద పన్ను లేదు. ఐటమైజ్ చేసేవాళ్లకు, అంటే పన్ను రిటర్నులో మినహాయింపులను విడివిడిగా చూపేవాళ్లకు, లక్షకూ మినహాయింపు వస్తుంది, ఆ ఏటి ఆదాయంలో 30 శాతం హద్దు వరకు. మిగిలింది తర్వాతి అయిదేళ్లలో వాడుకోవచ్చు. 2026 నుంచి ఆదాయంలో తొలి 0.5 శాతం మేర విరాళానికి మినహాయింపు లేదు కాబట్టి మీ సీపీఏతో (పన్ను లెక్కలు చూసే అకౌంటెంటుతో) మాట్లాడాకే చేయండి. దానికి తోడు మీ కంపెనీ మ్యాచింగ్, అంటే మీ విరాళానికి జతగా తన వంతు డబ్బు, ఇస్తుందేమో చూడండి. ఇన్నేళ్లలో నేను చూసిన అతి పెద్ద వృథా, ఎవరూ ఫారం నింపక పోయిన మ్యాచింగ్ డబ్బు.

పన్ను కోసమే ఇస్తారన్న మాట కూడా వింటుంటాను. లెక్క వేసుకుంటే ఇచ్చినవాళ్ల దగ్గర ఇవ్వకముందు కంటే తక్కువే మిగులుతుంది. పన్ను ‘ఎలా ఇవ్వాలి’ అన్నది మారుస్తుంది. ‘ఎందుకు’ అన్నది వాళ్ల వాళ్ల కథల్లో ఉంటుంది.

అపోహ: “ఏటా డిన్నర్ పెడితే చాలు, డబ్బు అదే వస్తుంది.”

వాస్తవం: హాలు, భోజనాలు, సిబ్బంది సమయం లెక్కేస్తే డిన్నర్‌లో మిగిలేది తక్కువ. కొత్త మనుషులు పరిచయమవుతారు, అందుకే చేస్తాం.

అపోహ: “చెక్కు వచ్చిందంటే పని అయిపోయినట్టే.”

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. కారు దగ్గర నిలబడి చిన్నప్పటి సంగతి చెప్పిన పెద్దాయన మరుసటి ఏడు అద్దె నిధికి యాభై కాదు, లక్షన్నర డాలర్లు ఇచ్చారు, మూడేళ్లలో మూడు విడతలుగా. ఎంత అడగాలో అప్పటికి నాకు తెలుసు, ఎందుకు అడుగుతున్నానో ఆయనకూ తెలుసు. గోడ మీద పేరు వేస్తామన్నాం. “గుప్తదానంగానే ఉండనీయమ్మా” అన్నారు. ఆ మాటను మా డైరెక్టరుకు ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ప్రతి జనవరిలో ఆయనకు ఒక ఉత్తరం రాస్తాను. ఎన్ని కుటుంబాలు నిధి వాడుకున్నాయి, ఎన్ని నెలల అద్దె, ఎందువల్ల అన్నవి రాస్తాను. పేర్లు ఉండవు. ఆయన దగ్గర నుంచి ఫోను వస్తుంది, ఒకటే ప్రశ్న: “ఎవరూ ఖాళీ చేయలేదు కదమ్మా?”

కిందటేడు ఒక కుటుంబం ఖాళీ చేసింది. మా సాయం అందేలోపే వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. ఆ సంగతి ఉత్తరంలో మొదటి పేరాలోనే రాశాను. ఆయన ఫోన్ చేసి, దరఖాస్తు పెట్టిన ఎన్నో రోజుకు డబ్బు చేతికి అందుతోందని అడిగారు. పద్నాలుగు రోజులన్నాను. ఇప్పుడు ఆ పద్నాలుగు రోజులను అయిదుకు తేవడానికి ఇంకొక మనిషిని పెట్టుకోవాలి. ఆ జీతం ఎవరు ఇస్తారన్న సంభాషణ ఈ నెలలోనే మొదలుపెట్టాను, ఇద్దరు కొత్త దాతలతో. ఇంకా ఏమీ అడగలేదు.